మాకు వేరే పళ్లెం వద్దు, పళ్లెంలో ఏముందో చెప్పండి



జుమా నమాజు ముగిసిన తరువాత మసీదు వరండాలో కొంతసేపు కూర్చోవడం ఉద్యోగ విరమణ నాటి నుంచి మాకు అలవాటు. పింఛను కాగితాలు, స్కాలర్‌షిప్పు దరఖాస్తులు, రేషను కార్డులో తప్పొప్పులు పట్టుకుని వచ్చేవారికి చేతనైన సాయం చేస్తుంటాము. ఈ మధ్య ఆ కాగితాలతో పాటు ఒక ప్రశ్న కూడా తరచుగా వస్తున్నది. "సార్, రైల్లో ఇచ్చే కోడికూర మనం తినవచ్చా?" అలీగఢ్‌లో చదువుకునే విద్యార్థి అడుగుతాడు. అజ్మీర్ జియారత్‌కు బయలుదేరిన కుటుంబం అడుగుతుంది. తల్లిని ఢిల్లీ ఆసుపత్రికి తీసుకుపోయే కొడుకు అడుగుతాడు.

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి, ఏ ప్రశ్నకైనా ఏదో ఒక ఫైలులో జవాబు దొరుకుతుందని నమ్మినవారము మేము. ఈ ప్రశ్నకు మాత్రం మావద్ద జవాబు లేదు. కోట్లాది మందిని మోసుకుపోయే రైల్వే వద్ద కూడా లేదు. ఆ జవాబు లేకపోవడమే నేటి మన వ్యాస విషయం.

మా ప్రయాణంలో జరిగినది

మనుమడిని చదువులో చేర్పించడానికి ఆ మధ్య కుటుంబంతో సహా ఉత్తరాదికి వెళ్లవలసి వచ్చింది. మా కోడలు తెల్లవారుజామున లేచి చపాతీలు చేసి, ఖాగీనా వండి, టొమాటో చట్నీతో సహా స్టీలు డబ్బాలో సర్దింది. కాజీపేట దాటింది, బల్లార్షా దాటింది. మధ్యాహ్న భోజనానికి పెరుగన్నం తిన్నాము. నాగపూర్ దాటిన తరువాత, దీపాలు వెలిగే వేళ, మేము డబ్బా కోసం చేయి చాపితే కోడలు మెల్లగా ఆపింది. "మామూ, ఇక్కడ తీయొద్దు. వాసన వస్తుంది. ఎవరేమంటారో" అన్నది. ఆ డబ్బాలో ఉన్నది కోడిగుడ్ల కూర మాత్రమే.

సరే, రైల్లో అమ్మేదే కొందామని ప్యాంట్రీ కుర్రవానిని పిలిచి, కోడికూర భోజనం హలాలేనా అని అడిగాము. "తెలియదు సార్. వంటశాల నుంచి డబ్బాలు వస్తాయి, మేము వేడిచేసి ఇస్తాము" అన్నాడు. నిజాయితీగా చెప్పిన ఆ అబ్బాయిని మేము తప్పుపట్టము. కానీ పక్క బెర్తు మీద పడుకున్న ఒక పెద్దమనిషి లేచి కూర్చుని, "రైల్లో కూడా మీకు ప్రత్యేకమేనా?" అన్నాడు. బోగీలో ఎవరూ మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు. ఎదుటి సీటులో వరంగల్లు నుంచి వస్తున్న వృద్ధ దంపతులు ఉన్నారు. ఆ తల్లి ఆకులో పులిహోర పెట్టి, "తీసుకోండి సాయిబుగారూ" అని అందించింది. తిన్నాము. అల్లాహ్ ఆమెకు మేలు చేయుగాక. ఆ తరువాత ఆమె భర్త, "మీరు తెచ్చుకున్నది తినరేమండీ?" అని అడిగాడు. దానికి మేము చెప్పగలిగినది ఏమీ లేకపోయింది. మరునాటికి ఖాగీనా పాడైంది. కోడలు దానిని కవరులో చుట్టి చెత్తబుట్టలో వేసింది.

ఎవరూ మమ్ము కొట్టలేదు. ఎవరూ దూషించలేదు. ఇది పత్రికలకు ఎక్కే వార్త కాదు. కానీ ఇంట్లో వండుకున్న అన్నాన్ని భయపడి పారవేసే స్థితికి ఒక సామాన్య కుటుంబం ఎందుకు వచ్చింది?

ఆ భయానికి కారణాలు ఉన్నవి

మా కోడలిది పిరికితనం అనేవారు కొన్ని తేదీలను గుర్తు చేసుకోవాలి. 2016 జనవరిలో హైదరాబాదు నుంచి తిరిగి వెళుతున్న ముస్లిం దంపతులను మధ్యప్రదేశ్‌లోని ఖిర్కియా స్టేషన్‌లో గోరక్షకులమని చెప్పుకున్నవారు అడ్డగించి, సంచులు వెదుకుతామని చేయిచేసుకున్నారు. దొరికిన మాంసం గేదెమాంసమని పరీక్షలో తేలింది. 2017 జూన్‌లో ఢిల్లీలో ఈద్ బట్టలు కొనుక్కుని రైలులో ఇంటికి వెళుతున్న బాలుని, గొడ్డుమాంసం తినేవాడని ఎగతాళి చేసి, చివరకు కత్తితో పొడిచి చంపారు. 2024 ఆగస్టులో మహారాష్ట్రలో కూతురింటికి వెళుతున్న ఒక వృద్ధుని, డబ్బాలలో ఏమున్నదని నిలదీసి, రైలులోనే కొట్టారు. ఆ దృశ్యాన్ని ఫోనులో చిత్రించి దేశమంతటికీ చూపించారు.

2023 జూలై 31 తెల్లవారుజామున జైపూర్–ముంబై రైలులో జరిగిన కాల్పులను హైదరాబాదు మరచిపోలేదు. ప్రయాణికులను కాపాడవలసిన రైల్వే రక్షణ దళపు కానిస్టేబులే నిందితుడు. అతని పై అధికారితో పాటు ముగ్గురు ముస్లిం ప్రయాణికులు మరణించారు. వారిలో ఒకరు మన హైదరాబాదులో కాపురమున్న యువకుడు. అతని ప్రాణం పోయినది ప్యాంట్రీ కారులో, అన్నం వండే చోట.

రోజూ లక్షల మంది ముస్లిములు క్షేమంగానే ప్రయాణిస్తున్నారు. పులిహోర అందించిన ఆ తల్లి వంటివారే ఈ దేశంలో ఎక్కువ. అది మాకు తెలుసు. అయితే భయం లెక్కలు చూసి పుట్టదు. ఒక్క దృశ్యం చాలు, వేయి డబ్బాలు మూతపడటానికి.

జవాబు లేని ప్రశ్న

ఇక రైల్వే వడ్డించే భోజనం సంగతి చూద్దాము. పెద్ద రైళ్లలో టిక్కెట్టు కొనేటప్పుడే శాకాహారమా, మాంసాహారమా అని అడుగుతారు. జైన భోజనం కోరుకోవచ్చు. మధుమేహ రోగులకు వేరుగా వంటకం ఉన్నది. నవరాత్రులలో ఉల్లి, వెల్లుల్లి లేని ఉపవాస భోజనాన్ని రైల్వే అనుబంధ సంస్థ స్వయంగా ప్రచారం చేసి అందిస్తుంది. ఇవన్నీ మంచి పనులే. జైన సోదరుని నియమాన్ని, ఉపవాసమున్న సోదరి వ్రతాన్ని గౌరవించినందుకు మేము రైల్వేను అభినందిస్తున్నాము. ఈ గౌరవం ఒకరి నియమం వద్దకు వచ్చేసరికి "ప్రత్యేకం" అన్న నిందగా ఎందుకు మారుతున్నదన్నదే మా ప్రశ్న.

2023 జూలైలో ఒక వందే భారత్ రైలులో టీ పొడి పొట్లం మీద హలాల్ ధ్రువీకరణ ముద్ర ఉన్నదని ఒక ప్రయాణికుడు సిబ్బందితో వాదనకు దిగాడు. టీ ఎలాగూ శాకాహారమే కదా అని ఆ ఉద్యోగి ఓపికగా నచ్చచెప్పవలసి వచ్చింది. పొట్లం మీద శాకాహారపు పచ్చ గుర్తు కూడా ఉన్నది. విదేశాలకు ఎగుమతి చేసే సరుకు కనుక ఆ ముద్ర వేశారు. అయినా అది దేశవ్యాప్త వివాదమైంది.

2025 నవంబరులో వ్యవహారం మరొక మెట్టు ఎక్కింది. రైళ్లలో హలాల్ మాంసాన్ని మాత్రమే వడ్డిస్తున్నారన్న ఫిర్యాదుపై జాతీయ మానవ హక్కుల సంఘం రైల్వే బోర్డుకు నోటీసు ఇచ్చింది. హలాల్ ధ్రువీకరణ గల ఆహారాన్ని వడ్డించాలన్న అధికారిక నిబంధన ఏదీ తమవద్ద లేదని రైల్వే చెప్పింది.

ఈ జవాబును శ్రద్ధగా చదవండి. హలాల్ వడ్డించాలన్న నిబంధన లేదన్నారు. అంటే వడ్డించేది హలాల్ కాదని అర్థమా? అదీ కాదు. ఏ వంటశాలకు ఏ దుకాణం నుంచి మాంసం వచ్చిందో, ఎలా కోశారో చెప్పే ఏర్పాటు ప్రయాణికునికి లేదన్నమాట. హలాల్ అయితేనే తినే ముస్లిముకు తెలియదు. హలాల్ మాంసం తినరాదన్న మతనియమం గల సిక్కు సోదరునికీ తెలియదు. ఇద్దరూ డబ్బు చెల్లిస్తారు, ఇద్దరూ చీకటిలో తింటారు. లేదా ఇద్దరూ పప్పన్నంతో సరిపెట్టుకుంటారు. ఫిర్యాదు చేసినవారు మనకు ప్రత్యర్థులని కొందరు అనుకున్నారు. మేము అలా అనుకోము. తన పళ్లెంలో ఏమున్నదో తెలుసుకోవాలన్న సిక్కు సోదరుని కోరిక ఎంత న్యాయమో, మన కోరికా అంతే న్యాయము.

మరొక వింత గమనించండి. ఎగుమతి చేసే మాంసానికి హలాల్ ధ్రువీకరణ కోసం కేంద్ర ప్రభుత్వమే 2023లో ఒక పథకాన్ని ప్రకటించింది. గల్ఫ్ దేశంలో కూర్చున్న కొనుగోలుదారునికి ముద్ర వేసి, పరీక్షించి, కాగితం రాసి ఇస్తాము. నాగపూర్‌లో రైలెక్కిన స్వదేశీ పౌరునికి మాత్రం నోటిమాట కూడా చెప్పము. ఓడ ఎక్కే మాంసానికి ఉన్న సమాచారం రైలెక్కిన మాంసానికి ఎందుకు ఉండరాదు?

హిందూ నీళ్లు, ముస్లిం నీళ్లు

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. అది తేలికగా తీసివేయదగినది కాదు. "మతానికొక ముద్ర వేస్తే, బ్రిటిషువారి కాలపు హిందూ నీళ్లు, ముస్లిం నీళ్లు తిరిగి రావా?" అని అడుగుతారు.

ఆ కాలాన్ని మన పెద్దలు చూశారు. స్టేషన్లలో నీళ్లు పోసేవారు మతానికొకరు ఉండేవారు. ఫలహారశాలలు వేరు, పాత్రలు వేరు. రైల్వేలో మూడవ తరగతి ప్రయాణికుల దుస్థితిని, అక్కడ అమ్మే టీ ఫలహారాల దురవస్థను 1917లోనే గాంధీజీ ఎండగట్టారు. ఎర్రకోటలో బందీలుగా ఉన్న ఆజాద్ హింద్ ఫౌజ్ సైనికులకు హిందూ టీ, ముస్లిం టీ వేరువేరుగా ఇస్తుంటే, ఆ సైనికులు రెండింటినీ కలిపి పంచుకుని తాగారు. ఆ విషయం వారే గాంధీజీకి చెప్పారు. ఆ కలిపిన టీ మన వారసత్వము. దానిని మేము వదులుకోము.

అందుకే స్పష్టంగా చెబుతున్నాము. మాకు వేరే కూజా వద్దు. వేరే పళ్లెం వద్దు. వేరే బోగీ, వేరే వంటవాడు అసలే వద్దు. వేరు కూజా మనిషిని వేరు చేస్తుంది. పొట్లం మీది అక్షరం మనిషికి విషయం తెలుపుతుంది. మొదటిది తాగేవాని మతాన్ని అడుగుతుంది. రెండవది ఎవరినీ ఏమీ అడగదు, ఉన్నది ఉన్నట్లు చెబుతుంది. ఇష్టమైనవారు తింటారు, కానివారు మానుతారు.

సుప్రీంకోర్టు సైతం 2024 జూలై 22న ఇటువంటి గీతనే గీసింది. కావడి యాత్ర దారిలోని భోజనశాలలు యజమానుల, పనివారల పేర్లు బయట రాయాలన్న ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ ఆదేశాలను నిలుపుచేస్తూ, ఏ రకం ఆహారం వడ్డిస్తున్నారో తెలుపమనవచ్చుగాని పేర్లు తెలుపుమని బలవంతపెట్టరాదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మా వాదన అంతా ఆ రెండు ముక్కలలోనే ఉన్నది. పళ్లెం గురించి అడగండి. పేరు గురించి అడగకండి.

ఈ సూత్రం మనకూ వర్తిస్తుంది. టిక్కెట్టు కొనేటప్పుడే "హలాల్ భోజనం" అన్న గడి పెట్టమని మన మిత్రులు కొందరు కోరుతున్నారు. మేము ఒప్పుకోము. ఆ గడిలో గుర్తు పెట్టిన వారి పేర్లు, బోగీ నంబర్లు, బెర్తు నంబర్లు ఒక జాబితాగా ప్యాంట్రీకి చేరుతాయి. నేటి పరిస్థితులలో ఏ సీటులో ఎవరున్నారో తెలిపే అటువంటి జాబితా ఎవరి చేతికి పోతుందో ఎవరు చెప్పగలరు? సమాచారం పొట్లం మీద ఉండాలి, ప్రయాణికుని మీద ఉండరాదు.

రోజాదారు ప్రయాణికుడు

రంజాన్ మాసంలో దూరప్రయాణం చేసేవారి ఇబ్బంది వేరు. ముసాఫిర్‌కు రోజా వాయిదా వేసుకునే వెసులుబాటు షరీఅత్‌లోనే ఉన్నది కదా అని కొందరు మనకే పాఠం చెబుతారు. నిజమే. ఆ వెసులుబాటు వాడుకోవాలో వద్దో నిర్ణయించవలసినది రోజాదారు. సహరీ వేళ కప్పు టీ దొరకదు కనుక వాయిదా వేసుకో అని చెప్పే అధికారం రైల్వేకు లేదు.

దీనికి పెద్ద ఏర్పాట్లు అవసరం లేదని 2022లో ఒక రైలు నిరూపించింది. హౌరా–రాంచీ శతాబ్దిలో ఒక రోజాదారు, ఉపవాసమున్నాను, టీ కొంచెం ఆలస్యంగా తెమ్మని కోరాడు. మగ్రిబ్ వేళకు క్యాటరింగ్ సిబ్బంది తమంతట తాముగా ఇఫ్తార్ పళ్లెం తెచ్చి ఇచ్చారు. ఆయన ఆ సంతోషాన్ని లోకంతో పంచుకున్నాడు. అప్పటి రైల్వే సహాయమంత్రి కూడా ఆనందం వెలిబుచ్చారు. ఆనాడు ఎవరి శాకాహారం చెడలేదు, ఎవరి హక్కూ పోలేదు. ఒక ఉద్యోగి మంచితనం మీద ఆధారపడిన ఆ మర్యాదను ఒక చిన్న సర్క్యులరుగా మార్చమని మాత్రమే మేము కోరుతున్నాము. గుమాస్తా ఉద్యోగం చేసినవారికి తెలుసు, సర్క్యులరు లేని మంచితనం బదిలీతో పోతుంది.

వడ్డించే చేతులనూ మరువరాదు. 2014 జూలైలో, రంజాన్ మాసంలో, ఢిల్లీలోని మహారాష్ట్ర సదన్‌లో భోజనం బాగులేదన్న కోపంతో శివసేన ఎంపీలు రోజాతో ఉన్న క్యాటరింగ్ పర్యవేక్షకుని నోటిలో చపాతీ కుక్కారు. ఆయన రైల్వే క్యాటరింగ్ సంస్థ ఉద్యోగి. భోజనం బాగులేకపోతే ఫిర్యాదు చేయవచ్చు. ఉపవాసమున్న మనిషి నోటిలో ముద్ద కుక్కడం ఫిర్యాదు కాదు. ప్లాట్‌ఫారం మీద టీ అమ్ముకునే మన పిల్లల పేరు అడిగి, మొహం తిప్పుకుని పోయేవారున్న ఈ రోజులలో ఈ సంగతి చెప్పక తప్పదు.

మన వంతు

ఇతరులను నిలదీసే ముందు మనవైపూ చూసుకోవాలి. రైల్లో శుభ్రత లేకపోవడం, ఎక్కువ ధర వసూలు చేయడం మత సమస్యలు కావు. 2017లో కాగ్ 74 స్టేషన్లు, 80 రైళ్లు తనిఖీ చేసి ఇచ్చిన నివేదికలో, కుళాయి నీటిని శుద్ధి చేయకుండానే పానీయాలలో వాడటం, మిగిలిన పదార్థాలను మళ్లీ వడ్డించడం, గడువు తీరిన పొట్లాలు అమ్మడం వంటి లోపాలను ఎత్తిచూపింది. ఆ మురికినీటి టీ తాగినవారిలో అన్ని మతాలవారూ ఉన్నారు. హలాల్ మాట వచ్చినప్పుడు మాత్రమే గొంతెత్తి, మురికి మాట వచ్చినప్పుడు మౌనంగా ఉంటే మన మాటకు విలువ ఉండదు. హలాల్ అన్న దానితో పాటు పరిశుభ్రమైనది, మంచిది అన్న షరతు కూడా మన ధర్మంలో ఉన్నదని మరువరాదు.

అలాగే, ఎదుటి సీటులో శాకాహారి కుటుంబం ఉంటే ఒక మాట అడిగి డబ్బా తెరవడం, ఎముకలు సీటు కింద వేయకపోవడం, తిన్నచోటు తుడవడం మన సంస్కారం. అది భయంతో చేసే పని కాదు, పొరుగువాని హక్కుగా చేసే పని.

రైల్వే మంత్రిత్వ శాఖకు మా విన్నపాలు ఇవి.

1. మాంసాహార భోజనం సరఫరా చేసే ప్రతి గుత్తేదారు, మాంసం ఏ పద్ధతిలో కోసినదో పొట్లం మీద తెలుపవలెను. అది హలాల్ అయినా, ఝట్కా అయినా. టెండరు షరతులలో ఒక్క వాక్యం చేరిస్తే చాలును.

2. ప్రయాణికుని మతాన్ని తెలిపే ఏ జాబితా తయారు చేయరాదు.

3. రంజాన్ మాసంలో ప్యాంట్రీ కారు ఉన్న రైళ్లలో సహరీ, ఇఫ్తార్ వేళలకు వేడినీరు, టీ, అప్పటికి సిద్ధంగా ఉన్న భోజనం అందేలా ఉత్తర్వు ఇవ్వవలెను. ఖరీదు మేమే చెల్లిస్తాము.

4. ప్రయాణికుల ఆహారపు డబ్బాలు తెరిపించే అధికారం తోటి ప్రయాణికులకుగాని, ఏ సంఘానికిగాని లేదని ప్రతి బోగీలో ప్రాంతీయ భాషలో బోర్డు పెట్టవలెను. అతిక్రమించిన వారిపై రైలు దిగకముందే కేసు నమోదు చేయవలెను.

పాఠకులకు ఒక మాట. రైలులో శాకాహార భోజనం ధర 80 రూపాయలు, స్టేషన్‌లో 70. లీటరు రైల్ నీర్ ధర 2025 సెప్టెంబరు నుంచి 14 రూపాయలు. అంతకు మించి అడిగితే బిల్లు అడగండి. బిల్లు ఇవ్వకపోతే డబ్బు ఇవ్వనవసరం లేదని రైల్వేయే ప్రకటించి ఉన్నది. అవమానం జరిగినా, బెదిరింపు ఎదురైనా 139కు ఫోను చేయండి, లేదా రైల్ మదద్‌లో రాయండి. రైలు నంబరు, బోగీ, బెర్తు, సమయం, దగ్గరి స్టేషన్ పేరు తప్పక రాయండి. ఫిర్యాదు నంబరు భద్రపరచుకోండి. కోపం మాట గాలిలో కలుస్తుంది, నంబరున్న కాగితానికి ఎవరో ఒకరు జవాబు రాయక తప్పదు. మసీదు కమిటీలు పై నాలుగు విన్నపాలను తెలుగులో, ఇంగ్లీషులో రాయించి, రంజాన్‌కు ముందే మీ నియోజకవర్గపు ఎంపీ చేతికి ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. సిక్కు, జైన, క్రైస్తవ సోదరుల సంతకాలు కూడా అడగండి. ఇస్తారు.

బహిరంగ భోజనశాలల ప్రవేశంలో మతాన్ని బట్టి అడ్డంకి ఉండరాదని రాజ్యాంగం 15వ అధికరణం చెబుతున్నది. రైలు బోగీ ఈ దేశంలోకెల్లా పొడవైన భోజన పంక్తి. ఆ పంక్తిలో మన విస్తరి వేరుగా వేయమని మేము అడగడం లేదు. అదే పంక్తిలో కూర్చుని, వడ్డించినది ఏమిటో తెలుసుకుని, బెదురు లేకుండా తినాలనుకుంటున్నాము.

సెలవులకు మనుమడు ఇంటికి వస్తున్నాడు. తిరిగి దిగబెట్టడానికి మేమే వెళతాము. మళ్లీ ఖాగీనా చేసి ఇమ్మని కోడలికి చెప్పాము. ఈసారి ఎదుటివారికి ముందు పెట్టి, తరువాత మేము తింటాము. ఇన్‌షా అల్లాహ్, ఆ డబ్బా ఖాళీగా ఇంటికి తిరిగి వస్తుంది.